గాలికి ఎంత పైపు కావాలి?

మా ఇంట్లో చాలా ఏళ్ళుగా ఒక శబ్దం ఉండేది. పై అంతస్తులో ఎవరైనా ఫ్లష్ నొక్కితే కింద పోర్షన్ బాత్‌రూంలో నేల మీది జాలీలోంచి "గుడ గుడ గుడ గుడుక్" అని వినబడేది, ఎవరో హుక్కా పీలుస్తున్నట్టు. కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళు మొదటి వారం భయపడేవాళ్ళు, రెండో వారం నవ్వుకునేవాళ్ళు, మూడో నెలకి వాసన వస్తోందని పైకొచ్చి చెప్పేవాళ్ళు.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ దాటాక, కొత్తపేట నుంచి ఎల్బీనగర్ వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. 120 గజాల స్థలం. 1998లో కింద కట్టారు, 2009లో పైన వేశారు. మేం పైన ఉంటాం, కింద అద్దెకిచ్చాం. ఈ చుట్టుపక్కల కాలనీల్లో సగం ఇళ్ళ కథ ఇదే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు.

వాసన ఎప్పుడూ ఉండేది కాదు, అదే పెద్ద తలనొప్పి. ఎప్పుడూ ఉండే జబ్బుకి మందు దొరుకుతుంది గానీ, వచ్చిపోయే జబ్బు డాక్టర్ ముందు కూర్చోగానే మాయమైపోతుంది. వానాకాలం ఎక్కువ. పండక్కి ఊరెళ్ళి నాలుగు రోజులకి తిరిగొస్తే తలుపు తీయగానే కొట్టేది. మేం చేయని వైద్యం లేదు. ఫినాయిల్, యాసిడ్, కలరా ఉండలు, జాలీ మీద తడిపిన గోనెసంచి, దాని మీద బండరాయి. మా అమ్మ మాత్రం ఒకటే పని చేసేది. రోజూ పొద్దున్నే కిందకి వెళ్ళి జాలీలో ఒక చెంబు నీళ్ళు పోసి వచ్చేది. "ఎందుకమ్మా?" అంటే "పోస్తే తగ్గుతది" అనేది, అంతే. (ఈ చెంబుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.)

పోయిన వానాకాలం కింద ఉన్న అమ్మాయి పైకొచ్చి, "అంకుల్, మీరేమీ అనుకోకండి, పాపకి ఆ వాసన పడట్లేదు. వచ్చే నెల ఖాళీ చేస్తాం" అంది. చాలా మర్యాదగానే చెప్పింది. నాన్న "సరేనమ్మా" అన్నారు. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. నాలుగేళ్ళలో ఇలా వెళ్ళిపోతున్న వాళ్ళలో వీళ్ళు మూడోవాళ్ళు. నాన్న ఆర్టీసీలో రిటైరయ్యారు, పింఛను నామమాత్రం. ఆ అద్దె ఆయన సొంత డబ్బు, నన్ను అడక్కుండా ఖర్చుపెట్టుకోగలిగిన డబ్బు. అంతకంటే ఎక్కువగా ఆయన్ని బాధపెట్టింది, దగ్గరుండి ఇటుక ఇటుక తడిపి కట్టించుకున్న ఇంట్లో "వాసన" అనే మాట వినాల్సి రావడం.

మర్నాడు ఒక ప్లంబర్ని పిలిచారు. ఆయన జాలీ తీసి, టార్చి వేసి చూసి, తల ఊపి, "ఫ్లోర్ మొత్తం పగలగొట్టాలి సార్, లోపల పైపు ఎక్కడో లీకైతాంది" అన్నాడు. టైల్స్, వాటర్ ప్రూఫింగ్, కూలీలు కలిపి 60 వేల పైమాటే. నాన్న సరే అనేలా ఉన్నారు. నేను ఒక్క ఆదివారం ఆగమన్నాను.

ఎందుకు ఆగమన్నానో నాకే తెలీదు. చదివింది బీటెక్ మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్షకి ముందురాత్రి బెర్నౌలీ సమీకరణం బట్టీ పట్టి, పరీక్ష హాలు బయటే వదిలేసి వచ్చిన బాపతు. కానీ ఉద్యోగంలో ఒకటి నేర్చుకున్నాను. ఎర్రర్ ఏ ఫైల్లో కనపడిందో తప్పు అక్కడే ఉందని నమ్మకూడదు. పైన ఫ్లష్ చేస్తే కింద మోగుతోందంటే, కింద నేల పగలగొట్టే ముందు ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతోందో చూడాలి కదా?

ఆదివారం ఒక చిన్న ప్రయోగం చేశాం. కింద బాత్‌రూం జాలీ మీద వెలిగించిన అగరుబత్తి పట్టుకుని నేను కూర్చున్నాను. అమ్మ పైన ఫ్లష్ నొక్కింది. అప్పటిదాకా నిటారుగా పైకి వెళ్తున్న పొగ ఒక్కసారి వంగి, జాలీలోకి పాములా దూరిపోయింది. వెంటనే గుడగుడ. రెండు మూడు సెకన్ల తర్వాత పొగ మళ్ళీ మామూలుగా లేచింది. అంటే ఆ గుడగుడ లోపల్నుంచి బయటికొచ్చే గాలి శబ్దం కాదు. మా బాత్‌రూంలోని గాలిని పైపు పీల్చుకుంటున్న శబ్దం! (ఈ ప్రయోగం బాత్‌రూం జాలీ దగ్గరే చేయండి. సెప్టిక్ ట్యాంక్ మూత దగ్గరో మ్యాన్‌హోల్ దగ్గరో నిప్పు పెట్టకండి, అక్కడ మీథేన్ ఉంటుంది.)

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి. బాత్‌రూం జాలీ కింద ఉండేదాన్ని మన మేస్త్రీలు "నాని ట్రాప్" అంటారు. హీరో నానికి సంబంధం లేదు, అసలు పేరు నహాని ట్రాప్. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉండేలా వంపు ఉంటుంది. డ్రైనేజీలోని గాలికీ మన ఇంటికీ మధ్య ఉన్న తలుపు ఆ నీళ్ళే. కమోడ్‌లో కనబడే నీళ్ళూ అందుకే, వాష్ బేసిన్ కింద పైపు వంపు తిరిగేదీ అందుకే. అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాలు చేసే ఆయన 1775లో లండన్‌లో పేటెంట్ తీసుకున్న మరుగుదొడ్డిలో ఈ వంపు ఉంది. 250 ఏళ్ళయినా ఇంతకంటే చవకైన తలుపు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ నీటి తలుపు మందం మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు. ప్లంబింగ్ లెక్కలన్నీ చివరికి ఒక్క షరతు మీద నడుస్తాయి. ట్రాపుకి అటూ ఇటూ గాలి పీడనంలో తేడా ఒక అంగుళం నీటి ఎత్తు, అంటే 25 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఆ నీళ్ళు పైపులోకి జారిపోవడం మొదలవుతుంది. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటి ఎత్తుకి సమానం. అందులో 400వ వంతు తేడా చాలు, ఇంట్లోకి వాసన రావడానికి! మనం స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగేటప్పుడు ఇంతకన్నా చాలా ఎక్కువ తేడా పుట్టిస్తాం.

ఇంకో సంగతి. కమోడ్‌లో నీళ్ళు పోయినా తర్వాతి ఫ్లష్‌కి మళ్ళీ నిండుతాయి. కానీ పైన ఎవరో ఫ్లష్ చేసినందుకు కింద నాని ట్రాప్‌లో నీళ్ళు తగ్గితే దాన్ని నింపేవాళ్ళు ఎవరూ లేరు, మళ్ళీ ఎవరైనా స్నానం చేసేదాకా. పగలంతా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఊరెళ్తే ఆ మిగిలిన కొంచెం నీళ్ళు కూడా ఆవిరైపోతాయి. అమ్మ రోజూ పోసిన ఆ చెంబుడు నీళ్ళే ఇన్నాళ్ళూ మా ఇంట్లో జరిగిన ఏకైక సరైన రిపేరు.

సరే, పైపు ఎందుకు పీలుస్తోంది? దానికి గాలి అందే దారి వేరే ఉండాలి కదా, అదేమైంది? డాబా మీదకి వెళ్ళాం. టాయిలెట్ల నాలుగంగుళాల పైపు పిట్టగోడ పక్కగా పైకొచ్చి, డాబా మీద జానెడు ఎత్తులో ఆగిపోయి ఉంది. దాని నెత్తిన బూడిదరంగు మూత. సొల్యూషన్ పెట్టి మరీ గట్టిగా బిగించిన మూత. నేను చిన్నప్పట్నుంచీ దాని మీద కూర్చుని గాలిపటాలు ఎగరేశాను. ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇదెవరు మూసిన్రు నాన్నా?" అన్నాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. "నేనే. 2014ల పక్కింటోళ్ళు ఇంకో అంతస్తు ఏసిన్రు గదరా. వాళ్ళ కిటికీ సక్కగ మన పైపుకు ఎదురుంగ వచ్చింది. ఒకరోజు ఆమె 'అన్నయ్యగారూ, అన్నం తింటుంటే వాసనొస్తోందండీ' అన్నది. నాకు మనసున పట్టలే. అప్పటికే కాలనీకి డ్రైనేజీ లైన్ వచ్చింది, మన సెప్టిక్ ట్యాంకు పూడ్చేసినం. ఇగ గ్యాస్ పైపుతోటి పనేముంది అనుకున్న. కోయించి మూత ఏయించిన."

ఇందులో నాన్న తప్పు పట్టడానికి ఏమీ లేదు. సెప్టిక్ ట్యాంక్ మీద ఒక గ్యాస్ పైపు ఉంటుంది, టాయిలెట్ పైపు డాబా దాకా వెళ్ళే కొస ఇంకోటి ఉంటుంది. మన వాడుకలో రెంటినీ గ్యాస్ పైపు అనో ఎయిర్ పైపు అనో అంటాం. ట్యాంక్ పోతే దాని పైపు పోవచ్చు. కానీ రెండోది ట్యాంక్ కోసం కాదు, ట్రాపుల కోసం. పైగా దాని గురించి అందరికీ తెలిసింది సగమే. అది వాసన బయటికి పోవడానికి అనుకుంటాం. అది సగం పని. మిగతా సగం గాలిని లోపలికి తీసుకోవడం. నీళ్ళు కిందకి దూకినప్పుడల్లా ఆ పైపు ఊపిరి పీల్చుకోవాలి. నోరు మూస్తే ముక్కుతో పీలుస్తుంది. మా ఇంట్లో దానికి దొరికిన ముక్కు కింద పోర్షన్ జాలీ.

నేను ఇదంతా నాన్నకి ఆ మాటల్లో చెప్పలేకపోయాను. పీడనం, శూన్యం, సైఫన్ అంటూ ఏదో మొదలుపెడితే ఆయన ముఖం ఇంకా చిన్నదైంది. అప్పుడు అమ్మ అంది, "నూనె డబ్బాకు రెండు చిల్లులు పెడ్తం సూడు, గట్లనే గదా. ఒకటే పెడ్తే గుడగుడమని ఆగి ఆగి పడ్తది."

అంతే. నాలుగేళ్ళ బీటెక్ అయిపోయింది :)

నాన్న ఆ మూత మీద చెయ్యి పెట్టి, "అయితే ఇన్నేండ్ల సంది నేనే చేసుకున్ననా ఇదంత?" అన్నారు. నేనేమీ అనలేదు. ఒక మంచిమాట కోసం, పక్కింటి వాళ్ళు ప్రశాంతంగా అన్నం తినాలని చేసిన పని అది. ఇన్నేళ్ళు దాని ఖర్చు మేమూ, మా ఇంట్లో అద్దెకున్న వాళ్ళూ కట్టాం.

మూత కోయించడం పది నిమిషాల పని. కానీ కోస్తే మళ్ళీ కథ మొదటికొస్తుంది, పక్కింటి కిటికీ అక్కడే ఉంది. కాబట్టి పైపుని ఎత్తుకి తీసుకెళ్ళాలి. ఈసారి వేరే ప్లంబర్ని పిలిచాం. కుర్రాడు, చురుకైనవాడు. "ఒకటిన్నర ఇంచి పైపు చాలు సార్, ట్యాంక్ స్టాండుకు కట్టేస్త. గాలికి ఎంత పైపు కావాలె?" అన్నాడు.

అది చాలా మంచి ప్రశ్న. ఆ వారమంతా విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేదాకా దాని గురించే ఆలోచించాను.

ముందు అనుకున్నది, ఆరు లీటర్ల నీళ్ళు దిగితే ఆరు లీటర్ల గాలి కావాలి, దానికి చిన్న పైపు చాలు కదా అని. ఇది తప్పు. నీళ్ళు నిలువు పైపులో నిండుగా పడవు. పైపు గోడలకి అంటుకుని, ఒక గొట్టంలా పల్చగా జారతాయి. మధ్యలో అంతా ఖాళీ. జారే నీళ్ళు ఆ మధ్యలో గాలిని తమతో పాటు లాక్కుపోతాయి. మా పైపు లోపలి వైశాల్యం సుమారు 84 చదరపు సెంటీమీటర్లు. ఫ్లష్ 3 సెకన్లలో 6 లీటర్లు, అంటే సెకనుకి 2 లీటర్లు. గోడల రాపిడి వల్ల నీటి వేగం కొంతదూరం పోయాక ఇక పెరగదు, ఇంత నీటికి అది సెకనుకి 2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ లెక్కన నీళ్ళు ఆక్రమించేది 10 చదరపు సెంటీమీటర్ల లోపే. మిగతా 75లో గాలి, అది కూడా దాదాపు అదే వేగంతో కిందకి పోతే సెకనుకి 15 లీటర్లు! రెండు లీటర్ల నీళ్ళు తమ వెంట పదిహేను లీటర్ల గాలిని తీసుకుపోగలవు. పెళ్ళికొడుకు ఒక్కడే, వెంట వచ్చే బంధువులు వందమంది. భోజనాలు పెళ్ళికొడుక్కి కాదు, బంధువులకి లెక్కేసుకోవాలి.

ఇప్పుడు ఆ 15 లీటర్లు కొత్త పైపులోంచి రావాలి. సుమారు 4 మీటర్ల పొడవు, రెండు వంపులు. ఎంత పీడనం ఖర్చవుతుందో ముతకగా లెక్కేశాను:

ఒకటిన్నర అంగుళాల పైపు: దాదాపు 48 మిల్లీమీటర్ల నీటి ఎత్తు
రెండు అంగుళాలు: దాదాపు 15
మూడు అంగుళాలు: దాదాపు 4
నాలుగు అంగుళాలు: 1 లోపు

మన హద్దు 25. ఒకటిన్నర అంగుళాల పైపు వేస్తే అంత గాలి దాన్లోంచి రాదు, తక్కువ పడిన గాలిని మళ్ళీ ట్రాపులే ఇవ్వాలి. మూత తీసి డబ్బు ఖర్చు పెట్టి గుడగుడని కాస్త సన్నం చేసినట్టు అవుతుంది. రెండు అంగుళాలది లెక్క ప్రకారం గట్టెక్కుతుంది, కానీ సాలెగూడు పట్టేదాకా, ఏ పిచ్చుకో పుల్లలు పెట్టేదాకా. చూశారా, పైపు సైజు కొంచెం మారితే అంకె ఎంత మారిపోతోందో! అదే గాలిని అదే పొడవున పంపాలంటే రాపిడి నష్టం వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వ్యాసం సగం చేస్తే నష్టం 32 రెట్లు. "కొంచెం చిన్న పైపు" అనేది ప్లంబింగ్‌లో లేదు.

తర్వాత పుస్తకాలు చూస్తే తేలిందేంటంటే, ఇంత లెక్క నేను వేయక్కర్లేదు. మనకి 1970 నుంచి నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉంది. అందులో ముఖ్యమైన గాలి పైపు ఎట్టి పరిస్థితిలోనూ 50 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని ఉంది. టాయిలెట్ పైపునే పైదాకా పొడిగించి గాలి పైపుగా వాడుకుంటే, నీళ్ళు పారని ఆ పై భాగం కూడా కింది భాగం కన్నా సన్నగా ఉండకూడదని ఉంది. అంటే నాలుగంగుళాల మీద నాలుగంగుళాలే. ఎత్తుకి కూడా లెక్క ఉంది. డాబా పిట్టగోడ కన్నా, 3 మీటర్ల లోపు ఏదైనా కిటికీ ఉంటే దాని పైఅంచు కన్నా, కనీసం ఒకటిన్నర మీటరు పైకి ఉండాలి. సెప్టిక్ ట్యాంక్ ఉన్నవాళ్ళకి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 2470. దాని గ్యాస్ పైపు కనీసం 50 మిల్లీమీటర్లు, ఇంటికి 15 మీటర్ల లోపు ట్యాంక్ ఉంటే ఇంటి పైకప్పు మీద 2 మీటర్లు ఎత్తు. 120 గజాల స్థలంలో 15 మీటర్ల దూరం ఎక్కడ్నుంచి వస్తుంది? కాబట్టి మనందరికీ ఆ 2 మీటర్లే వర్తిస్తాయి.

ఇంకో సరదా సంగతి. అమెరికా కోడ్లలో ఒక్కో సామానుకి ఒక్కో పాయింటు ఉంటుంది. మామూలు ఇంటి కమోడ్‌కి 3, షవర్‌కి 2, వాష్ బేసిన్‌కి 1. ఇల్లంతా కూడి పైపు సైజు చూసుకుంటారు. దీని వెనక ఉన్న గణితం చాలావరకు రాయ్ హంటర్ అనే ఆయనది, అక్కడి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసేవాడు, 1940లో ప్రచురించారు. బిల్డింగ్‌లో అందరూ ఒకేసారి ఫ్లష్ నొక్కరు కదా, ఒకేసారి ఎంతమంది నొక్కే అవకాశం ఉందో లెక్కేసి పైపు వేయాలని ఆయన పద్ధతి. మేం సర్వర్ కెపాసిటీ లెక్కేసేది కూడా అచ్చం ఇలాగే. ఆ పాయింట్ల ప్రకారం మా రెండు బాత్‌రూంలు కలిపి 12. మూడంతస్తుల లోపు ఇంట్లో నాలుగంగుళాల నిలువు పైపు మోయగలిగేది 240. అంటే నీళ్ళకి మా పైపు ఇరవై రెట్లు పెద్దది. అయినా ఇన్నేళ్ళు మోగింది. కొరత నీళ్ళ దారికి కాదు, గాలి దారికి.

ఇంటర్నెట్లో ఇంకో ఉపాయం కనపడింది. లోపలికి మాత్రమే గాలిని పీల్చుకుని, బయటికి వదలని చిన్న వాల్వు. కిటికీ గొడవే ఉండదు. దాదాపు కొనేశాను. తర్వాత వానాకాలం గుర్తొచ్చింది. మా ప్రాంతంలో గట్టి వాన పడితే డ్రైనేజీ లైన్లు నిండి పొంగుతాయి (2020 అక్టోబరులో సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలు ఎలా మునిగాయో ఎవరూ మర్చిపోలేదు). లైను నిండుతున్నప్పుడు అందులోని గాలి ఇళ్ళ వైపు వెనక్కి తన్నుకొస్తుంది. దానికి బయటికి దారి కావాలి. లోపలికే తెరుచుకునే తలుపు అప్పుడు మూసిన మూతతో సమానం.

కాబట్టి నాలుగంగుళాల పైపే. దిల్‌సుఖ్‌నగర్‌లో శానిటరీ షాపుకి వెళ్తే ఇంకో విషయం తెలిసింది. ఎస్‌డబ్ల్యూఆర్ పైపుల్లో రెండు రకాలున్నాయి. టైప్ ఎ గాలికీ వాననీళ్ళకీ, టైప్ బి టాయిలెట్లకీ. నాలుగంగుళాల దాంట్లో ఎ మందం 2.2 మిల్లీమీటర్లు, బి 3.2. అంటే గాలి పైపుకి తేలికైన, చవకైన రకం విడిగా ఉంది. ఒకటిన్నర అంగుళానికీ దీనికీ తేడా మొత్తం పనిలో ఒక పూట కూలి కూడా కాలేదు. (టైప్ ఎ కొని టాయిలెట్ లైనుకి వేసే మేస్త్రీలు ఉంటారు, పైపు మీద అచ్చు వేసి ఉంటుంది, చదువుకోండి.)

అసలు కష్టం పైపు కొనడం కాదు, పక్కింటి ఆంటీకి చెప్పడం. నాన్న రెండు రోజులు వాయిదా వేశారు. చివరికి నేనే వెళ్ళాను. "ఆంటీ, ఆ పైపు మళ్ళీ తెరుస్తున్నాం, కానీ ఈసారి మీ కిటికీ పైన ఐదడుగుల ఎత్తులో ఉంటుంది" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "అయ్యో, నేను ఎత్తు పెంచమని చెబుదామనే వచ్చాను బాబూ అప్పట్లో. మీ నాన్నగారు మర్నాడే మూయించేశారు. ఇన్నాళ్ళూ మీకు ఇబ్బందని ఒక్కమాటైనా చెప్పలేదేం?" అంది. ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు. ఇన్నేళ్ళు!

ఒక శనివారం పని అయిపోయింది. డాబా మీద పన్నెండడుగులు, ట్యాంక్ స్టాండుకి మూడు క్లాంపులు, పైన దోమల జాలీ ఉన్న టోపీ. ఎండకి పైపు పెళుసెక్కకుండా పెయింటు నాన్నే వేశారు. సాయంత్రం అగరుబత్తి పరీక్ష మళ్ళీ పెట్టాం. పైన ఫ్లష్, కింద పొగ కదల్లేదు. ఇంకోసారి నొక్కించాను. కదల్లేదు. నేల ఎవరూ పగలగొట్టలేదు.

అప్పట్నుంచి నాకో జబ్బు పట్టుకుంది. ఎక్కడికి వెళ్ళినా డాబాల మీద పైపులు చూస్తున్నాను. మెట్రోలోంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోతుంటే ఇళ్ళ నెత్తులు బాగా కనపడతాయి. మూతలు పెట్టినవి, పాలిథిన్ కవరు కట్టినవి, పిట్టగోడ లోపలే కోసేసినవి, కిటికీ సజ్జా కింద ఆపేసినవి. కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న సందుల్లో ఇళ్ళే హాస్టళ్ళు అయ్యాయి. ఒక కుటుంబం కోసం వేసిన పైపు మీద అంతస్తుకి నాలుగు బాత్‌రూంలు తగిలించి, పొద్దున ఏడింటికి యాభైమంది ఒకేసారి స్నానాలకి పోతారు. ఒకేసారి అందరూ వాడరు అన్న హంటర్ లెక్క హాస్టల్లో పొద్దునపూట చెల్లదు. అక్కడ పిల్లలు వాసనకి అలవాటు పడిపోయి ఉంటారు, మా కింద పోర్షన్ వాళ్ళలాగే.

ఇది వాసన దగ్గర ఆగితే ఫర్వాలేదు. 2003లో హాంకాంగ్‌లో అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకింది, 42 మంది చనిపోయారు. జబ్బు ఒక ఫ్లాటు నుంచి మిగతా వాటికి ఎలా పాకిందని విచారిస్తే, బాత్‌రూం నేలల్లో ఎండిపోయిన ట్రాపులు ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడల్లా ఆ ఎండిన ట్రాపులోంచి డ్రైనేజీ గాలి ఇంట్లోకి వచ్చింది. ఎవరో ఒకరు రోజూ చెంబుడు నీళ్ళు పోసి ఉంటే... అని అనిపించక మానదు.

మన దగ్గర ఇవన్నీ చూసేవాళ్ళెవరు? 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 600 గజాల లోపు చిన్న ఇళ్ళకి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి ఇచ్చేలా చేసింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే అర్థం, మనకి తెలిసినంతే ఇల్లు. సెట్‌బ్యాక్ ఎంత వదలాలో, ఈశాన్యం మూల ఏం ఉండకూడదో మనకి బాగా తెలుసు. గాలి పైపు నెత్తి మీద ఏం ఉండకూడదో తెలీదు. నా అభిప్రాయం చాలా చిన్నది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్ గీసిన వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి, "ఎయిర్ పైపు ఎంత, ఎక్కడిదాకా?" అని. వాళ్ళు తడుముకుంటే జాగ్రత్తపడండి. కట్టేసిన ఇల్లయితే ఒకసారి డాబా ఎక్కి చూసుకోండి. పక్కవాళ్ళు మేడ వేస్తుంటే వాళ్ళ కిటికీ ఎక్కడొస్తుందో ముందే కనుక్కోండి, తర్వాత మొహమాటపడే కన్నా అది నయం.

ఇంతకీ కింద వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అప్పటికే వేరే ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేశారట. వెళ్ళే రోజు నాన్న ఆ అమ్మాయిని డాబా మీదకి తీసుకెళ్ళి పైపు చూపించారు. "తప్పు నాదేనమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. కొత్తగా వచ్చిన వాళ్ళు ఇప్పటివరకు ఏమీ అనలేదు.

అమ్మ మాత్రం పొద్దున్నే చెంబుతో కిందకి వెళ్తూనే ఉంది. "ఇప్పుడు అవసరం లేదమ్మా" అని చెప్పాను.

"నీ పైపు సంగతి నాకు తెల్వదు" అంది.